స్పాంజ్‌బాబ్ పాత ఆట: రిమోట్ బాగుంటే ఇప్పటికీ దిట్టే

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇళ్లలో అటక మీద పీఎస్‌టూ (ప్లేస్టేషన్ 2, టీవీకి కలిపి ఆడే యంత్రం) ఉంటే దాని పక్కన డిస్కుల కట్ట కూడా ఉంటుంది. అందులో క్రికెట్, కుస్తీ, కార్ల పందేలే ఎక్కువ. ఎక్కడో మధ్యలో, సముద్రం అడుగున బతికే స్పాంజ్ కార్టూన్ మీద చేసిన ‘స్పాంజ్‌బాబ్ స్క్వేర్‌ప్యాంట్స్: బ్యాటిల్ ఫర్ బికినీ బాటమ్’ తగిలితే, చిన్నపిల్లల బొమ్మ కదా అని పక్కన పడెయ్యకండి. 2003లో హెవీ ఐరన్ స్టూడియోస్ చేసిన ఆట ఇది. ఏళ్ల తరబడి తిప్పితిప్పి ఆడినా విసుగు పుట్టించనిది గెంతడం, కొట్టడంలో ఉన్న కచ్చితత్వం. కార్టూన్ తెలియనివాళ్లకూ అది పనికొస్తుంది.

ముందు ఒక హెచ్చరిక. అదే పేరుతో, అదే ఏడాది కంప్యూటర్‌కి వచ్చింది ఈ ఆట కాదు, చిల్లర ఆటల మూట. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌ది కూడా వేరే. ఇక్కడ మాట్లాడుతున్నది పీఎస్‌టూ, గేమ్‌క్యూబ్, మొదటి ఎక్స్‌బాక్స్‌లలో వచ్చిన దాని గురించే.

కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. ప్లాంక్టన్ అనే విలన్ రోబోలను పుట్టించే యంత్రం కట్టి, మీటను ‘మాట వినవద్దు’ వైపే వదిలేస్తాడు. రోబోలు ముందు వాణ్ణే కొట్లోంచి గెంటేసి, తర్వాత ఊరి మీద పడతాయి. మన పని బంగారు అట్లకాడలు పోగుచెయ్యడం. మొత్తం 100. అయిదుంటే డౌన్‌టౌన్ అనే చోటు తెరుచుకుంటుంది, 10 ఉంటే గూ లగూన్, 15కి రోబో శాండీతో (స్పాంజ్‌బాబ్ స్నేహితురాలైన ఉడుత రూపంలోని రోబో) కుస్తీ, చివరి పోరుకు 75. అంటే పాతిక వదిలేసినా ఆట పూర్తవుతుంది. ఎక్కడైనా ఇరుక్కుపోతే అక్కడే పళ్లు కొరుక్కోకుండా వేరే చోటికి పోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఆటలో రిమోట్ (ఆడేందుకు చేత్తో పట్టుకునేది) మీద బొటనవేలితో తోసే అనలాగ్ పుల్లను ఎంత తోస్తే అంత నడక. కొంచెం తోస్తే స్పాంజ్‌బాబ్ మునివేళ్ల మీద నడుస్తాడు, పూర్తిగా తోస్తే పరుగు. నిద్రపోయే రోబో ఒకటుంది, స్లీపీటైమ్ అని. దాని చుట్టూ గీసిన వలయంలో అడుగు చప్పుడైతే లేచి ఒక్క దెబ్బ వేస్తుంది. మునివేళ్ల మీద వెళ్లి పక్క నుంచి కొడితే పోతుంది. ‘ష్’ అనే టికీ పెట్టె (పగలగొట్టాల్సిన చెక్క బొమ్మ) కూడా అంతే, పరుగున వెళ్తే మాయమైపోతుంది, మెల్లగా వెళ్తే ఆటలో డబ్బుగా వాడే మెరుపు బిళ్లలు బాగా రాలుతాయి. డూప్లికేట్ రిమోట్లతో వచ్చే చిక్కు సరిగ్గా ఇక్కడే. వాటిలో చాలావాటి పుల్ల సున్నా నుంచి ఒక్కసారిగా పూర్తి తోపుకు దూకుతుంది, మధ్య మెట్లు ఉండవు. ఆడేవాడి చెయ్యి బాగోలేదనుకుంటారు గానీ లోపం రిమోట్‌ది. కొనేముందు ఆట మొదట్లోనే పరీక్షించండి: అనలాగ్ ఎర్ర దీపం వెలగాలి, పుల్లను గోరుతో అంటినంత తోస్తే మునివేళ్ల నడక రావాలి, వదిలేస్తే బొమ్మ నిలబడిపోవాలి. దానంతటదే పక్కకు జరుగుతుంటే పుల్ల అరిగిందని లెక్క. 

గోపాల్‌పూర్ వైపు సముద్రపు చెమ్మకు బటన్ల కింద ఉండే నల్ల రబ్బరు జిడ్డెక్కి, గట్టిగా నొక్కితేగానీ పలకదు. వెనక మరలు విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో రబ్బరును, దాని కింది రేకును తుడిచి, బాగా ఆరాక బిగించాలి. డిస్కు చదివే లెన్స్ మసకేసి ఆట ఆగి ఆగి నడుస్తున్నా అదే మందు, కాకపోతే గుడ్డు పెంకును ముట్టుకున్నంత సుతారంగా. సన్నని పీఎస్‌టూ మొదటి మోడళ్లకు బయట అడాప్టర్ ఉంటుంది, 8.5 వోల్టులది. దూరుతోంది కదా అని చేతికందిన వేరేది గుచ్చితే బోర్డే పోతుంది.

ఎల్‌ఈడీ టీవీకి మూడు రంగుల తీగతో కలిపితే బొమ్మ మసకగా రావడం సరే, గెంతుకూ నొక్కుకూ మధ్య జాప్యం వస్తుంది. టీవీలో గేమ్ మోడ్ పెడితే చాలావరకు తగ్గుతుంది. పాత డబ్బా టీవీ ఉంటే ఆలోచించక్కర్లేదు, అదే మేలు. విదేశాల నుంచి వచ్చిన ఎన్‌టీఎస్‌సీ (అమెరికా తరహా టీవీ పద్ధతి) డిస్కు కొన్ని పాత టీవీల్లో నలుపు తెలుపుగా కనిపిస్తుంది, డిస్కు పాడైందనుకోవద్దు.

స్పాంజ్‌బాబ్, అతని స్నేహితుడు పాట్రిక్, శాండీ ముగ్గురినీ మార్చి మార్చి ఆడించడం ఈ ఆటకు ప్రాణం. పాట్రిక్ పుచ్చకాయలు విసురుతాడు, మంచు పండుతో జిగురు నీటిని గడ్డకట్టించి దారి వేస్తాడు. శాండీ తాడు తిప్పుతూ గాలిలో తేలుతుంది. మార్చుకోవాలంటే బస్సు స్టాపుకే పోవాలి, ఇదొక్కటే కాస్త చికాకు. రోబో శాండీని ఓడించాక బుడగ బంతి, రోబో పాట్రిక్ తర్వాత చేత్తో నడిపే బుడగ క్షిపణి వస్తాయి. ఆ క్షిపణి వచ్చాక పాత స్థలాలకు తిరిగి వెళ్లండి, అంతకుముందు అందని మీటలు చాలా ఉంటాయి. రోబోలను పుట్టించే యంత్రాన్ని ముందు పగలగొట్టకుండా రోబోలతో తలపడితే అవి వస్తూనే ఉంటాయి. బిళ్లలు ఎక్కువ కావాలంటే పెట్టెలను, రోబోలను వరసగా, ఎడం లేకుండా కొట్టాలి, కాంబో బహుమతి పడుతుంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. పాట్రిక్ సాక్సులు 80, పదింటికి ఒక అట్లకాడ. చివరి ఇరవై వెతకడం ఆట కాదు, చాకిరీ. స్పాంజ్‌బాబ్ యజమాని మిస్టర్ క్రాబ్స్ అమ్మే ఎనిమిది అట్లకాడల ధర ఒక్కొక్కటికీ పెరుగుతూ పోతుంది. ఇరుకు చోట్ల కెమెరా గోడ వెనక్కి వెళ్లిపోతుంది. క్రాబ్స్ గొంతు కార్టూన్‌లో వినిపించేది కాదు, పిల్లలు వెంటనే పసిగడతారు. మాటలన్నీ ఇంగ్లీషే గానీ, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నడిచే పిల్లలకు అది అడ్డు కాదు. ఎక్కడికి పోవాలో బొమ్మ చూస్తేనే తెలిసిపోతుంది.

2020లో పర్పుల్ లాంప్ వాళ్లు దీన్నే కొత్త రంగులతో ‘రీహైడ్రేటెడ్’ పేరున చేశారు. స్థలాలు, అట్లకాడలు దాదాపు అవే, కెమెరా మెరుగు. ఇద్దరు కలిసి ఆడేది అదనంగా పెట్టారు గానీ, రోబోల గుంపులను వరసగా కొట్టడం తప్ప అందులో ఏమీ లేదు, దానికోసం కొనొద్దు. 2021లో ఇది ఫోన్లకూ వచ్చింది. జారుడు పందేలు, కొట్లాటలు ఫోన్‌లో బాగానే సాగుతాయి. స్లీపీటైమ్ దగ్గరకొస్తే మాత్రం అద్దం మీద వేలు కాస్త జారినా నడక పరుగైపోతుంది. ఇంట్లో మంచి రిమోట్‌తో పీఎస్‌టూ ఉన్నవాళ్లకు పాత డిస్కు చాలు. డబ్బా టీవీ తీసేసినవాళ్లు కొత్తది తీసుకోండి.