జాగ్రత్త: ‘చలికాలానికి సిద్ధంగా ఉంది’ అని చెప్పి అమ్మిన టూ వీల్ డ్రైవ్ పికప్

పాత పికప్ కొనాలని చూస్తున్నవారు, ముఖ్యంగా చలికాలమంతా మంచు కురిసే చోట ఉంటూ వెనుక చక్రాలతో మాత్రమే నడిచే టూ వీల్ డ్రైవ్ బండిని పరిశీలిస్తున్నవారు, డబ్బు చేతులు మారకముందే ఈ అనుభవాన్ని చదవవలసిందిగా మనవి. చలికాలం మొదలవుతుండగా నేను కొన్న పికప్ గురించి అమ్మినవారు చెప్పిన మాటల్లో పచ్చి అబద్ధం ఒక్కటి కూడా లేదు. ప్రతి మాటా సగం నిజం. మిగతా సగం ఏమిటో, బండి ఒక మలుపు దగ్గర రోడ్డు దిగి పక్క కాలువలో ముక్కు పెట్టిన తరువాత, మెకానిక్ ఒక్కొక్కటిగా చూపిస్తే తెలిసింది. అవే మాటలు రేపు మీతో మరెవరైనా చెప్పవచ్చు కనుక, అమ్మినవారి పేరు వదిలి ఆ మాటలను మాత్రం ఉన్నవి ఉన్నట్లుగా రాస్తున్నాను.

వారు చెప్పినవి ఇవి. టైర్లు మంచుకు పనికివచ్చేవే, గుర్తు కూడా ఉంది చూసుకోండి. వెనుక బరువు లేక చక్రాలు జారకుండా ఇసుక బస్తాలు మేమే వేసి ఇస్తున్నాం. బ్రేకులకు ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పడినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంది. బండి ఎత్తైనది, ఫోర్ వీల్ డ్రైవ్ రకానికీ దీనికీ ఎత్తులో తేడా లేదు. కింది భాగానికి తుప్పు పట్టకుండా కొత్తగా పూత వేయించాం. కొనేముందు నేను పొడి రోడ్డు మీద నడిపి చూశాను, బండి బాగానే ఉంది. ఇంజను నిశ్శబ్దంగా ఉంది, గేర్లు మెత్తగా పడుతున్నాయి. టూ వీల్ డ్రైవ్ కనుక ఇంధనం తక్కువ తాగుతుందనీ, ముందు డిఫరెన్షియల్ (ఇరుసు మీది రెండు చక్రాలకూ బలాన్ని పంచే గేర్ల పెట్టె), ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజను బలాన్ని ముందు ఇరుసుకు కూడా పంపే పెట్టె) వంటివి లేవు కనుక పాడయ్యే భాగాలు కూడా తక్కువనీ వారు చెప్పింది నిజమే. ఆ రెండు కారణాలతోనే కొన్నాను.

మొదటి మంచు పడిన రోజునే చిన్న ఎత్తు మీద ఆగవలసి వచ్చి, తిరిగి కదలబోతే వెనుక కుడి చక్రం గిర్రున తిరుగుతూ ఉండిపోయింది, ఎడమ చక్రం కదలనే లేదు. అప్పుడే అనుమానం రావలసింది. కొత్త బండి కదా, నాకే చేతకాలేదనుకుని రెండో గేరులో నెమ్మదిగా కదిలించి ఎలాగో బయటపడ్డాను. అసలు సంగతి ఆ తరువాతి వారం జరిగింది. మధ్యాహ్నం కొద్దిగా కరిగిన మంచు సాయంత్రానికి మళ్లీ గడ్డకట్టింది. వాలులో దిగుతూ, ముందున్న మలుపు కోసం గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు మీద కాలు పెట్టి స్టీరింగ్ తిప్పాను. టూ వీల్ డ్రైవ్ పికప్ అంటే వెనుక భాగం పక్కకు విసురుతుందని అందరూ చెబుతారు, నేనూ దానికే సిద్ధపడి ఉన్నాను. వెనుక భాగం బుద్ధిగానే ఉంది. ముందు చక్రాలు మలుపు తిరిగి ఉన్నా బండి మాత్రం తిన్నగా, ఏ తొందరా లేకుండా, కాలువలోకి వెళ్లింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు. బంపరు, ఒక దీపం, రేడియేటరు ముందున్న జాలీ పోయాయి.

మెకానిక్ ముందుగా చూసింది టైర్లనే. వాటి మీద ఉన్న గుర్తు ఎం ప్లస్ ఎస్ (M+S), అంటే బురదకూ మంచుకూ అని అర్థం. ఆ గుర్తు ట్రెడ్ (రోడ్డుకు ఆనే టైరు పైభాగం) మీది గాడుల అమరికను బట్టి వేసేదే తప్ప, టైరు మంచు మీద ఎంత పట్టు చూపిందో పరీక్షించి ఇచ్చేది కాదు. ఏడాది పొడవునా వాడే మామూలు టైర్లలో చాలావాటికి అది ఉంటుంది. చూడవలసిన గుర్తు వేరే ఉంది. మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని లోపల మంచు రేకు. 1999 నుంచి వాడుకలో ఉన్న ఆ గుర్తు రావాలంటే గట్టిపడిన మంచు మీద టైరు పరీక్షకు నిలవాలి. ఆ పరీక్ష కూడా మంచు మీది పట్టునే కొలుస్తుంది, గాజులా మెరిసే ఐసు మీది పట్టును కాదు. కనుక ఆ బొమ్మ ఉన్నంత మాత్రాన ధీమా పడకూడదు. అసలైన చలికాలపు టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందకు పోయినా మెత్తదనాన్ని నిలుపుకొనేలా తయారవుతుంది, మామూలు టైరు ఆ చలికి బిరుసెక్కుతుంది. నా టైర్లు చలి లేకపోయినా బిరుసెక్కే వయసులో ఉన్నాయి. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. 3615 అని ఉంటే 2015లో 36వ వారంలో తయారైందని లెక్క. నా టైర్లకు తొమ్మిదేళ్లు నిండాయి. ట్రెడ్ లోతు మాత్రం బాగానే కనబడుతుంది, ఎందుకంటే అవి అరగలేదు, ఎండిపోయాయి. కొనే రోజున గోరుతో లోతు చూసి తృప్తిపడ్డానే గాని, ఆ అంకెలు చదవాలని తోచలేదు. చలికాలపు టైర్లలో లోతు 4 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మంచు మీద వాటి ప్రయోజనం చాలావరకు పోతుందన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చట్టం ఒప్పుకునే కనిష్ఠ లోతు చాలా చోట్ల 1.6 మిల్లీమీటర్లే కావడంతో అమ్మేవారు ఆ అంకెనే చూపిస్తారు.

ఇక ఇసుక బస్తాలు. నన్ను ఎక్కువగా నొప్పించింది ఇదే, ఎందుకంటే అదేదో ఉచితంగా చేసిన ఉపకారంలా అప్పగించారు. ఖాళీ పికప్‌లో బరువు ముందువైపే ఎక్కువ ఉంటుంది. ఇంజను, గేరుబాక్సు, మనుషులు అంతా ముందే, వెనుక ఉన్నది ఖాళీ తొట్టి. బరువు మోయడానికి తయారు చేసిన గట్టి కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) మీద ఆ ఖాళీ తొట్టి ఎగిరెగిరి పడుతుంది, నడిపే చక్రాలేమో అక్కడే ఉన్నాయి. కనుక వెనుక బరువు వేయడం తప్పు కాదు, వేయవలసిందే. ఎక్కడ వేశారన్నదే ప్రశ్న. నా బండిలో బస్తాలన్నీ తొట్టి చివర, వెనుక తలుపుకు ఆనించి పేర్చారు, అంటే వెనుక ఇరుసుకు సుమారు ఒక మీటరు అవతల. బండిలో రెండు ఇరుసుల మధ్య దూరం 3.2 మీటర్లు. 150 కిలోల ఇసుకను అలా పెడితే ఊగుడుబల్ల లెక్కన వెనుక ఇరుసు మీద దాదాపు 197 కిలోలు పెరుగుతాయి, ముందు ఇరుసు మీద 47 కిలోలు తగ్గుతాయి. వెనుక పట్టు పెరిగింది కనుక బండి బాగా కదులుతున్నట్లు అనిపిస్తుంది. స్టీరింగ్ పనిచేయవలసిన ముందు చక్రాలు మాత్రం అంత మేరకు తేలికవుతాయి. అవే బస్తాలను చక్రాల గూళ్ల మధ్య, సరిగ్గా ఇరుసు మీదుగా గాని, దానికి కొంచెం ముందుగా గాని పేర్చి ఉంటే ముందు భాగం తేలిక అయ్యేది కాదు. పైగా వాటిని దేనికీ కట్టలేదు. ఇసుక తడిసి గడ్డకడితే ఒక్కొక్క బస్తా ఒక రాతిదిమ్మె అవుతుంది, బండి హఠాత్తుగా ఆగినప్పుడు అది క్యాబిన్ వెనుక అద్దం మీదికి రాగలదు. పొడి ఇసుక, నీరు చొరని సంచి, కొక్కేలకు బిగించిన పట్టీలు, ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. పొడి ఇసుకకు మరొక లాభం కూడా ఉంది, చిక్కుకుపోయినప్పుడు చక్రాల కింద చల్లుకోవచ్చు.

మొదటి రోజు ఒక్క చక్రమే తిరగడానికి కారణం డిఫరెన్షియల్. నా బండిలో ఉన్నది ఓపెన్ రకం, అది రెండు చక్రాలకూ సమానమైన బలమే పంపుతుంది. ఒక చక్రం ఐసు మీద ఉంటే దానికి ఎంత కొద్ది బలం సరిపోతుందో రెండో చక్రానికీ అంతే అందుతుంది, అందుచేత బండి కదలదు. ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే లిమిటెడ్ స్లిప్ లేదా లాకింగ్ రకం ఉన్న టూ వీల్ డ్రైవ్ పికప్‌కూ దీనికీ మంచులో హస్తిమశకాంతరం తేడా. నడిపి చూస్తే పొడి రోడ్డు మీద ఈ తేడా తెలియదు. ఇంజను ఆపి, గేరులో ఉంచి, వెనుక చక్రాలు రెండింటినీ స్టాండ్ల మీద భద్రంగా ఎత్తి ఒకదాన్ని చేత్తో తిప్పమనండి. రెండోది ఎదురు దిశలో సులువుగా తిరిగితే అది చాలావరకు ఓపెన్ రకమే. లాకింగ్ రకానికి తనదైన చిక్కు ఒకటుంది, రెండు చక్రాలూ ఒకేసారి పట్టు తప్పితే పక్కకు వాలిన రోడ్డు మీద బండి వెనుక భాగం కిందివైపుకు జారుతుంది.

ఏబీఎస్ మాట వినగానే నాలుగు చక్రాలకూ ఉంటుందని అనుకోవడం నా తప్పు. పాత పికప్‌లలో చాలావాటికి వెనుక చక్రాలకు మాత్రమే ఏబీఎస్ అమర్చేవారు. బరువు లేని తొట్టి కింద వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుపోయి బండి గిర్రున తిరగకుండా ఆపడం దాని పని. ముందు చక్రాలను అది పట్టించుకోదు. అవి బిగుసుకుపోతే స్టీరింగ్ ఎటు తిప్పినా ఒకటే. ఇసుకతో తేలికైన ముందు భాగం, ఎండిన టైర్లు, ముందు లేని ఏబీఎస్, మూడూ కలిసి నన్ను ఆ కాలువలోకి తిన్నగా నడిపించాయి. బండి కొనేముందు ‘ఏబీఎస్ ఉందా’ అని అడగకండి, ‘ఎన్ని చక్రాలకు’ అని అడగండి. స్టెబిలిటీ కంట్రోల్ (బండి దారి తప్పి జారుతుంటే తనంతట తానే సరిదిద్దే ఏర్పాటు) ఉందో లేదో కూడా అప్పుడే అడగండి. నా బండిలో లేదు, అడగనూ లేదు. మరీ పాత పికప్‌లలో వెనుక ఇరుసు నుంచి ఒక కడ్డీ పైకి వచ్చి, బరువును బట్టి వెనుక బ్రేకుల ఒత్తిడిని సరిచేసే వాల్వుకు కలుస్తుంది. ఆ కడ్డీ తుప్పుతో బిగుసుకున్నా, ఎవరైనా తీగతో పైకి కట్టేసినా, ఖాళీ బండికి కూడా నిండు బరువుకు తగిన ఒత్తిడి వెళ్లి వెనుక చక్రాలు బిగుస్తాయి. కిందకు వంగి చూస్తే కనిపించేదే కనుక చూడండి.

ఆ వంగినప్పుడే తుప్పు సంగతి కూడా తేలుతుంది. నా బండి కింద మెరుస్తున్న నల్లటి పూత పైన పటారం లోన లొటారమే. మెకానిక్ చిన్న సుత్తితో కొడితే కమాను పట్టీలను ఛాసిస్‌కు (బండి చట్రానికి) కలిపే బ్రాకెట్ దగ్గర పెచ్చులు ఊడి వచ్చాయి, బ్రేకు గొట్టం ఒకటి చెమ్మగిల్లి ఉంది. రోడ్ల మీద ఉప్పు చల్లే చోట తిరిగిన బండికి తాజా పూత ఉందంటే, దాన్ని గోకి చూడనిస్తేనే కొనండి.

ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ఇదంతా జరిగేది కాదని నాతో చాలామంది అన్నారు. ఆ ఎత్తు దగ్గర చిక్కుకునేవాణ్ని కాదు, అది నిజం. మలుపు దగ్గర మాత్రం అదే కాలువ. ఆగడానికి కావలసిన దూరాన్ని తేల్చేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టే. పొడి తారు మీద ఘర్షణ గుణకం (ఆ పట్టును చెప్పే అంకె) 0.7 అనుకుంటే 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడ్డాక సుమారు 5 మీటర్లలో ఆగవచ్చు. ఐసు మీద అది 0.1 అనుకుంటే 35 మీటర్లు కావాలి. వందకు ఐదు వంతుల వాలు దిగుతుంటే ఆ 35 మీటర్లు కాస్తా 70 అవుతాయి. సున్నా డిగ్రీల చుట్టుపక్కల, పైన సన్నటి నీటి పొర ఉన్న ఐసు బాగా చలి ముదిరిన ఐసు కంటే ఇంకా ఎక్కువ జారుతుంది, నేను దిగింది అలాంటి వేళలోనే. ఎత్తైన బండి అన్న మాటకు కూడా ఇక్కడే జవాబు ఉంది. ఎత్తు వల్ల లోతైన మంచులో పొట్ట ఆనుకోకుండా ఉంటుంది, ఐసు మీద ఆ ఎత్తుతో ఒరిగేది ఏమీ లేదు. అదే ఎత్తును చూసి టూ వీల్ డ్రైవ్ బండిని ఫోర్ వీల్ డ్రైవ్ అనుకుని కొన్నవారు కూడా ఉండవచ్చు. గేరుబాక్సు వెనుక ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు చక్రాల మధ్య డిఫరెన్షియల్ లేకపోతే అది టూ వీల్ డ్రైవే, బొమ్మలూ స్టిక్కర్లూ ఏం చెప్పినా సరే.

అమ్మినవారిని కలిసి ఇవన్నీ వినిపించాను. ‘మేం చెప్పినదాంట్లో అబద్ధం ఏదో చూపించండి’ అన్నారు. చూపించలేకపోయాను. నేను సంతకం పెట్టిన కాగితంలో బండిని ఉన్నది ఉన్నట్లుగా తీసుకుంటున్నానని ఉంది. టైర్లు చలికాలపువి అన్న మాట అందులో ఎక్కడా లేదు, అది నోటిమాటగానే మిగిలింది. మీరు కొనేటప్పుడు టైరు మీది గుర్తు, తయారైన వారం, డిఫరెన్షియల్ రకం, ఏబీఎస్ ఎన్ని చక్రాలకు అన్నవి కాగితం మీద రాయించుకోండి. రాయడానికి వెనుకాడితే అక్కడితో లేచి వచ్చేయండి.

ప్రస్తుతానికి నాలుగు చక్రాలకూ కొండ గుర్తు ఉన్న కొత్త టైర్లు వేయించాను. వెనుక రెండింటికే వేయించి డబ్బు మిగుల్చుకోవచ్చని ఒకరు సలహా ఇచ్చారు గాని, స్టీరింగూ బ్రేకులూ ఎక్కువగా ఆధారపడేది ముందు టైర్ల మీద కనుక వినలేదు. బ్రేకు గొట్టం మారింది. బస్తాలు ఇరుసు మీదికి జరిగాయి, పట్టీలతో బిగించాను. ఎత్తులు ఇప్పుడు నిదానంగానైనా ఎక్కుతోంది. ఛాసిస్ బ్రాకెట్ వెల్డింగు ఇంకా మిగిలి ఉంది, అది అయ్యేవరకు బరువు వేయవద్దని మెకానిక్ అన్నాడు. బరువు మోయడానికి కొన్న బండి ప్రస్తుతం ఇసుకను మాత్రమే మోస్తోంది.