మూడో ఏడులో మా పప్పుగుత్తి

పప్పుగుత్తి ఎలా ఉంటుందో, ఎందుకు వాడతారో ఎవరికీ చెప్పక్కర్లేదు. మా అమ్మాయికి మాత్రం అది లేందే నిద్ర రాదు. పదకొండో నెలలో వంటింట్లో పాకుతూ దొరకబుచ్చుకుంది, ఇప్పుడు మూడున్నరేళ్లు. పగలు ఎక్కడ పడేసినా రాత్రి గుత్తి చెంప పక్కన ఉండాల్సిందే. నోట్లో పెట్టుకున్నా భయం లేదని ఏటికొప్పాక లక్క బొమ్మలు తెచ్చాం. వాటి వంక చూడదు.

ఆ గుత్తి మీద నాకింత ఇష్టం కలగడానికి కారణం దాని వాసన. గాడుల్లో ఏళ్ల తరబడి కందిపప్పు, వెల్లుల్లి, ఇంగువ ఇంకిపోయి ఉన్నాయి. నిద్ర ముంచుకొస్తుంటే పిల్ల ముక్కు సరిగ్గా అక్కడే ఆనిస్తుంది. ఈ సంగతి పోయిన ఆగస్టు దాకా నేను గమనించనే లేదు.

విశాఖలో వానాకాలం గాలి సంగతి తెలిసిందే, పెదవాల్తేరులో మా ఇంట్లో డబ్బాలో ఉప్పు కూడా నీరుకారిపోతుంది. గుత్తి గాడుల్లో నల్లగా బూజు కనిపించింది. భయం వేసి, ఉప్పు, నిమ్మచెక్కతో బాగా తోమి, మరిగే నీళ్లు పోసి, మేడ మీద ఎండబెట్టాను. సాయంత్రానికి కొత్తదానిలా తెల్లబడింది. రాత్రి చేతికిస్తే వాసన చూసి పక్కకి తోసేసింది. ‘ఇది గుత్తి కాదు’ అంది. పన్నెండు దాటినా ఏడుపు ఆగలేదు.

మర్నాడు మావారు పూర్ణా మార్కెట్ నుంచి అదే సైజుది కొత్తది తెచ్చారు. దాన్ని ముట్టుకోనైనా లేదు. బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధన గురించి తర్వాత చదివాను. లోపల పెట్టిన వస్తువుకి అచ్చుగుద్దినట్టు ఇంకోటి తయారుచేసే యంత్రమని పిల్లలకి ఒక పెట్టె చూపించారు. రోజూ పక్కలో పెట్టుకునే బొమ్మని అందులో పెట్టడానికే కొందరు ఒప్పుకోలేదు. పెట్టినవాళ్లలో ఎక్కువమంది పాతదే కావాలన్నారు. చదువుతుంటే మా పిల్లే కళ్ల ముందు మెదిలింది.

రెండో రాత్రీ అలాగే గడిచింది. మూడో రోజు మా అత్తయ్య ఏమీ మాట్లాడకుండా ఆ పాత గుత్తితోనే పప్పు మెదిపారు. వెల్లుల్లి, ఇంగువ దట్టంగా వేసి పోపు పెట్టి, గుత్తిని అందులో నాలుగుసార్లు తిప్పారు. పైపైన కడిగి, తుడిచి ఆరబెట్టారు. రాత్రి పిల్ల దాన్ని ముక్కుకి ఆనించుకుని ‘వచ్చేసింది’ అంది. ఐదు నిమిషాల్లో నిద్రపోయింది. నేను అత్తయ్య చేయి పట్టుకుని ఏడ్చేశాను.

ఇలాంటి వస్తువుని ఉతికితే బిడ్డ అనుభవంలో తెంపు వస్తుందని, అందుకే తల్లి దాన్ని మురికిగానే ఉండనిస్తుందని బ్రిటన్ పిల్లల వైద్యుడు డొనాల్డ్ వినికాట్ 1950ల్లోనే రాశారు. ముందే చదివి ఉన్నా బూజు తోమేదాన్నే. కాకపోతే మళ్లీ పప్పులో తిప్పాకే చేతికిచ్చేదాన్ని.

అప్పట్లో ‘ఏ బొమ్మకన్నా ఇదే నయం’ అని మా చెల్లికి గొప్పగా చెప్పాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. నిద్రలో దొర్లి రెండుసార్లు నుదుటి మీద బొప్పి కట్టించుకుంది. పైగా ఏడాది నిండకముందే పక్కలో ఉంచనిచ్చాను, అది నా తప్పే. ఆ వయసు పిల్లల పక్కలో దిండ్లు, మెత్తటి బొమ్మలు కూడా వద్దంటారు డాక్టర్లు, ఇక కర్ర సంగతి చెప్పేదేముంది! ఇప్పుడు నిద్ర పట్టగానే మెల్లగా తీసి బల్ల మీద పెడుతున్నాం. అది పట్టుకుని పరిగెత్తనివ్వం. పిడి మీద పేళ్లు లేచాయేమోనని వారానికోసారి వేలితో తడిమి చూస్తాను.

ఇంట్లో ఒక్కతే పిల్ల, అత్తయ్య రోజంతా దగ్గరుంటారు కాబట్టి మాకు కుదిరింది. మా చెల్లికి ఇద్దరు మగపిల్లలు, ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటారు. ఆ ఇంట్లో అయితే ఏ పాత తువ్వాలో అలవాటైతే మేలనిపిస్తుంది.

వారానికి రెండు రోజులు మా పప్పు ఆ గుత్తితోనే మెదుపుతున్నాం. తనే పొయ్యి దాకా తెచ్చి అత్తయ్యకి ఇస్తుంది, కడిగి తిరిగి చేతికిచ్చేదాకా వంటింటి గుమ్మంలో కూర్చుంటుంది.