బూన్ స్టీమ్ రైలు ఎక్కే ముందు బూన్స్‌బరో చూసి రండి

అమెరికాలో అయోవా రాష్ట్రానికి వచ్చి మూడేళ్లయినా బూన్‌లో దిగి ఆ పాత రైలు ఎక్కాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఈ సమ్మర్‌లో అమ్మానాన్నలు వచ్చారు. నాన్న నెల్లూరు దగ్గర బిట్రగుంట లోకోషెడ్‌లో ఫైర్‌మన్‌గా, అంటే స్టీమ్ ఇంజన్‌లో బొగ్గు వేసే పనికి చేరి, తర్వాత డీజిల్, కరెంటు ఇంజన్లు నడిపి రిటైరైన మనిషి. ఆయన్ని మాల్‌కి తీసుకెళ్తే కూర్చోవడానికి బల్ల ఎక్కడుందా అని వెతుక్కుంటారు. అందుకని బూన్ అండ్ సీనిక్ వ్యాలీ రైల్‌రోడ్‌కి టికెట్లు తీశాను. డిమోయిన్ నుంచి ముప్పావు గంట డ్రైవ్, ఏమ్స్‌లో చదువుకునే మనవాళ్లకైతే ఇంకా దగ్గర.

ముందు రైలు సంగతి. మూతపడబోతున్న 11 మైళ్ల లైన్‌ని 1983లో ఊరివాళ్లే కలిసి కొనుక్కుని నడుపుకుంటున్నారు, పని చేసేవాళ్లలో ఎక్కువమంది వాలంటీర్లు. రైలు డిమోయిన్ నది లోయలోకి దిగి ఫ్రేజర్ వైపు వెళ్లి వెనక్కి వస్తుంది, గంటన్నర పైనే పడుతుంది. మధ్యలో బాస్ పాయింట్ క్రీక్ మీద 156 అడుగుల ఎత్తు వంతెన వస్తుంది, కిందికి చూస్తే చెట్ల తలలు తప్ప ఏమీ కనపడవు, అమ్మ అయితే కళ్లు మూసుకుని నా మోచెయ్యి పట్టుకుంది. స్పీడు సంగతి అడక్కండి, మన ప్యాసింజర్ బండి కూడా దీన్ని సులువుగా దాటేస్తుంది. నాకు నచ్చిందే అది.

నాన్న మాత్రం లోయా చూళ్లేదు, వంతెనా చూళ్లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి చిమ్నీ శబ్దం వింటూ కూర్చున్నారు. "ఎత్తు ఎక్కుతుందబ్బయ్యా, పార ఆపకుండా వేస్తా ఉండాడు" అన్నారు, నాకేమో ఛుక్ ఛుక్ తప్ప తేడా తెలియలేదు. దిగాక ఇంజన్ దగ్గరికెళ్లి చక్రాలకి బలం అందించే రాడ్డు మీద నూనె పట్టిన చోట వేలితో రాసి, వాసన చూసి, చెయ్యి తుడుచుకోకుండానే నిలబడ్డారు. నంబరు 8419. చైనాలో డాటాంగ్‌లో 1988లో చేసిందని చెబితే నమ్మలేదు. మన చిత్తరంజన్ ఇంజన్ల ఫ్యాక్టరీలో చివరి బ్రాడ్‌గేజ్ స్టీమ్ ఇంజన్ 1970లోనే బయటికొచ్చింది మరి! కొన్ని రోజులు డీజిల్ ఇంజన్‌తో నడుపుతారు, స్టీమ్ కావాలంటే ముందే చూసుకుని బుక్ చేసుకోండి.

నా రివ్యూలో అసలు ముక్క ఇప్పుడొస్తుంది. చాలామంది రైలెక్కి, ఫొటోలు తీసుకుని, వెళ్లిపోతారు. ఆ బూన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కథ తెలియకుండా ఎక్కితే అది పార్కులో పిల్లల బండితో సమానం. కౌంటీ కేంద్రం మొదట బూన్స్‌బరో. 1865లో రైలు మార్గం వేయిస్తున్న జాన్ బ్లెయిర్ స్టేషన్‌ని ఆ ఊళ్లో పెట్టకుండా తూర్పున మైలు దూరంలో ఖాళీ నేల మీద ప్లాట్లు గీయించి కొత్త ఊరు పెట్టేశాడు. పేరు మోంటానా. 1871లో దాన్నే బూన్ అన్నారు. అంగళ్లూ హోటళ్లూ పట్టాల వెనకే పోయాయి, చివరికి 1887లో పాత ఊరు కొత్త ఊళ్లో కలిసిపోయింది. కోర్టు మాత్రం ఇప్పటికీ పాత వైపే ఉంది, డౌన్‌టౌన్ నుంచి అక్కడికి కారులో వెళ్తే ఒకే ఊరికి రెండు గుండెలున్నట్టు ఉంటుంది. ఆ రోజుల్లో ఇంజన్‌కి నీళ్లు కావాలి, రైతు గుర్రపు బండి మీద ధాన్యం తెచ్చి అదే రోజు ఇంటికి చేరాలి, అందుకే ఆ పక్కంతా ఏడెనిమిది మైళ్లకో స్టేషన్, స్టేషన్‌కో ఊరు. ఊరు ఎక్కడ పుట్టాలో పట్టాలే చెప్పాయి, ఎక్కడ ఎండిపోవాలో కూడా.

రైలు దిగాక పది నిమిషాల దూరంలో మొయింగోనా ఉంది, తప్పకుండా వెళ్లండి. ఒకప్పుడు బొగ్గు గనుల ఊరు, మెయిన్ లైన్ మీద స్టేషన్. 1881 జూలై 6 రాత్రి తుఫానులో హనీ క్రీక్ వంతెన కూలి, లైన్ చూడ్డానికి వెళ్లిన ఇంజన్ నీళ్లలో పడింది, నలుగురిలో ఇద్దరు పోయారు. పక్క ఇంట్లో ఉన్న కేట్ షెల్లీ అనే టీనేజ్ అమ్మాయి, లాంతరు ఆరిపోతే చీకట్లోనే, డిమోయిన్ నది మీది పొడుగాటి వంతెన స్లీపర్ల మీద పాక్కుంటూ దాటి, ఈ స్టేషన్‌కి చేరి ఎక్స్‌ప్రెస్ ఆపమని చెప్పింది, బతికున్న ఇద్దరి దగ్గరికి మనుషుల్నీ తీసుకెళ్లింది. వాళ్ల నాన్న అదే రైల్వేలో సెక్షన్ ఫోర్‌మన్, మన భాషలో గ్యాంగ్ మేస్త్రి, అప్పటికే చనిపోయాడు. ఈ మాట చెప్పగానే నాన్న "అయితే పట్టాల మీద నడవడం ఆ పిల్లకి తెలుసు" అన్నారు. 1901లో ఉత్తరాన 185 అడుగుల ఎత్తు కొత్త వంతెన కట్టి మెయిన్ లైన్‌ని అటు తిప్పేశారు, తర్వాత ఆవిడ పేరే దానికి వచ్చింది. ఆవిడ 1903లో మొయింగోనాలో స్టేషన్ ఏజెంట్‌గా చేరేనాటికి పెద్ద రైళ్లు ఆ ఊరు వదిలేశాయి. ఇప్పుడు కొన్ని ఇళ్లు, చిన్న మ్యూజియం, అంతే. ఫ్రేజర్ కూడా ఇంతే, బొగ్గు అయిపోయాక ఓ వందమంది దాకా మిగిలారు. మనం ఎక్కిన లైన్ 1890లలో ఆ ఫ్రేజర్ గనుల కోసమే మొదలైంది.

నాన్న అక్కడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. స్టీమ్ పోయాక బిట్రగుంటలో షెడ్ ఖాళీ అయి, క్వార్టర్స్ తలుపులు ఊడి, మా వీధిలో టీ కొట్లు ఒక్కొక్కటే మూసేయడం ఆయన చూశారు.

లోటుపాట్లంటే మావే. నేను తెల్ల చొక్కా వేసుకెళ్లాను, మసి నుసి పడి ఇప్పటికీ పోలేదు. కిటికీ పక్క సీటు పట్టండి, టోపీ పెట్టుకోండి. మధ్యాహ్నం హైవే మీద ఒక చోట తిన్న శాండ్‌విచ్ గురించి చెప్పను, ఇంటినుంచి పులిహోర కట్టుకెళ్లండి. మ్యూజియం కోసం ఇంకో గంట ఉంచుకోండి, మాకు టైం చాల్లేదు. వచ్చే నెల నాన్న ఇండియా వెళ్లేలోపు ఇంకోసారి తీసుకెళ్లమంటున్నారు, ఈసారి ఇంజన్‌కి దగ్గరి బోగీలో.