పులస దొరకని ఫిబ్రవరిలో గోదావరి భోజనాలు

అమ్మకి డెబ్బై రెండేళ్ళు. చిన్నప్పుడు సెలవులన్నీ అంబాజీపేట దగ్గర మేనమామ గారింట్లో గడిపిన మనిషి. పెళ్ళయి హైదరాబాద్ వచ్చేశాక అటువైపు వెళ్ళింది మూడు నాలుగు సార్లే, అదీ ఎవరి పెళ్ళికో హడావుడిగా వెళ్ళి రాత్రి బండికి తిరిగి రావడమే. ఈ సంక్రాంతికి ఇడ్లీలు తింటూ "పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు తిని ఎన్నాళ్ళయిందే" అంది. ఆ ఒక్క మాటతో మా ప్రయాణం మొదలైంది. మా ఇంట్లో అయిదుగురం, నా చిన్ననాటి స్నేహితురాలి ఇంట్లో నలుగురు, మొత్తం తొమ్మిది మందిమి ఫిబ్రవరిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ప్రతిసారీ ఏ ఊళ్ళో ఏం చూడాలో రాసుకునే మేము ఈసారి ముందు ఏ పూట ఏం తినాలో రాసుకుని, దాన్నిబట్టి ఊళ్ళు పెట్టుకున్నాం.

తెల్లవారుతుండగా రాజమండ్రిలో దిగాం. గోదావరి గట్టుకి దగ్గర్లో హోటల్, రూముకి 2,800. కిటికీలోంచి నది, వంతెనలు చక్కగా కనపడతాయి, బాత్రూములు శుభ్రం, లిఫ్టు ఉంది కాబట్టి అమ్మకి ఇబ్బంది లేదు. టిఫిన్ మాత్రం బాగాలేదు. రూము అద్దెలోనే కలిపి ఇస్తారని సంబరపడ్డాం గానీ, ఆ పెద్ద గిన్నెల్లో ఇడ్లీ చల్లారి గట్టిపడిపోయింది, చట్నీ నీళ్ళగా ఉంది. మర్నాడు పొద్దున్న అది వదిలేసి సందు చివర బండి దగ్గర పెసరట్టు ఉప్మా తిన్నాం. పెనం మీంచి నేరుగా ప్లేట్లోకి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, పక్కన అల్లం పచ్చడి. మీరు వెళ్తే టిఫిన్ లేకుండా రూము తీసుకోండి, డబ్బు మిగులుతుంది, రుచీ దక్కుతుంది.

మొదటి రోజు మధ్యాహ్నం జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటి ఊళ్ళ నుంచి వెళ్ళేవాళ్ళు చాలామంది ఇక్కడే మోసపోతారు. ఊళ్ళో ఒక భోజన హోటల్లో మెనూ మీద పెద్ద అక్షరాలతో పులస పులుసు అని ఉంది. స్నేహితురాలి భర్త కోరిక మీద నాలుగు ముక్కలు చెప్పాం, ముక్క 600. అమ్మ ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని "ఇది పులస కాదురా నాయనా" అంది అతనితో. పులస ఏడాది పొడుగునా దొరికే చేప కాదు. సముద్రంలో ఉండే ఈ చేప గోదావరికి వరద వచ్చినప్పుడు, అంటే జులై నుంచి సెప్టెంబరు మధ్య, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. ఆ ఎర్రనీళ్ళలో ఈదితేనే దానికి ఆ రుచి వస్తుందని ఇక్కడివాళ్ళ మాట. పుస్తెలమ్మైనా పులస తినాలన్నది అందుకే. ఫిబ్రవరిలో అదే పేరుతో పెట్టేది వేరేచోట నుంచి ఐస్‌లో వచ్చిన చేప. వడ్డించే అబ్బాయిని అమ్మ నెమ్మదిగా అడిగితే "ఒడిశా సరుకండి" అని ఒప్పుకున్నాడు. అది కూడా మంచి చేపే, దాని పేరుతోనే, దాని ధరకే పెట్టి ఉంటే సంతోషంగా తినేవాళ్ళం. నాకు నిజంగా బాధేసింది, డబ్బు కంటే కూడా అతను అంత ఆశపడి తిన్నందుకు.

సాయంత్రం మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగాక అందరి మనసూ తేలికపడింది. చిక్కగా, చల్లగా ఉంటుంది, పిల్లలు రెండేసి గ్లాసులు తాగారు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం గంటలో చూసేశాం. 1852లో ఆనకట్ట పూర్తయ్యాకే ఈ డెల్టా అంతా అన్నపూర్ణ అయిందని పిల్లలకి చెప్తుంటే, మావాడు "అయితే రేపు మనం తినే అన్నం ఈ నీళ్ళదేనా" అని అడిగాడు. అవునురా, ఈ నీళ్ళదే.

రెండో రోజు టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని మారేడుమిల్లి వెళ్ళాం. రాజమండ్రి నుంచి సుమారు 85 కిలోమీటర్లు, రంపచోడవరం దాటాక దారి పొడుగునా అడవే. అక్కడ చూడాల్సింది జలపాతాలయితే తినాల్సింది బొంగు చికెన్. రోడ్డు పక్కన ఒక పాక దగ్గర ఆగాం. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు, వెదురులో ఉన్న తడితోనే ముక్క ఉడుకుతుంది. ముప్పావు గంట పట్టింది. ఇక్కడ తొందరపడకండి. ముందే కాల్చి పక్కన పెట్టింది ఉందని చెప్తే వద్దని, మన కళ్ళముందు పచ్చి బొంగులో కూరినదే కావాలని అడగండి, ఆగండి. ఆ ముప్పావు గంటలో మా డ్రైవర్ గారు, మావారు, పిల్లలు అందరూ నిప్పుల చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. డ్రైవర్ గారిని ప్రతి పూటా మాతో పాటే కూర్చోబెట్టాం. మంచి తిండి ఎక్కడుందో ఆయనకి తెలిసినంతగా ఫోనుకి తెలియదు. ఆ పాక కూడా ఆయన చూపించిందే. బస ఒక రిసార్టు కాటేజీలో. చోటు బావుంది, రాత్రి చలి, ఫోన్ సిగ్నల్ సరిగ్గా లేదు. రాత్రి భోజనం సాయంత్రం అయిదుకే చెప్పాలి, చెప్పకపోతే వండరు.

మూడో రోజు వెనక్కి వచ్చి బ్యారేజీ మీదుగా ఆత్రేయపురం. పూతరేకులు చెయ్యడం మీరు ఒక్కసారైనా దగ్గరుండి చూడాలి. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతారు, కళ్ళు మూసి తెరిచేలోపు కాగితంలాంటి రేకు లేచి వచ్చేస్తుంది. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వేడి ముందు రోజంతా కూర్చునే ఆడవాళ్ళ చేతులు చూశాక బేరం ఆడబుద్ధి కాలేదు. బెల్లం, నెయ్యి వేసినవి తీసుకోండి. డ్రై ఫ్రూట్స్ దట్టించిన వాటిలో రేకు రుచి తెలియదని నా అభిప్రాయం.

ఇక కోనసీమ. అంబాజీపేటకి కొంచెం దూరంలో కొబ్బరితోటలో పెంకుటిల్లు. ఇంటివాళ్ళు వెనక రెండు గదులు, ముందు వసారా అతిథులకి ఇస్తారు, భోజనం ఆ ఇంటావిడే వండుతారు. లోపాలు ముందే చెప్తాను. వేణ్ణీళ్ళు ఒకరి తరవాత ఒకరికి రావడానికి పావుగంట పడుతుంది, దోమతెర లేకపోతే నిద్ర ఉండదు, ఏసీ ఒక గదిలోనే. అయినా మిగతా చోట్ల ఉన్న హాయి ఒక ఎత్తు, ఈ ఇల్లు ఒక ఎత్తు. ఏం కావాలో ముందు రోజే ఫోన్ చేసి అడిగారు. అమ్మ రెండే చెప్పింది, పొట్టిక్కలు, పనసపొట్టు కూర.

పొద్దున్న లేచేసరికి ఆవిడ పనసాకులు పుల్లలతో కుట్టి బుట్టలు చేస్తున్నారు. అమ్మ మొహం కడుక్కుని వెళ్ళి పక్కన కూర్చుంది. మొదటి బుట్ట వంకరగా వచ్చింది, మూడోదానికి చెయ్యి అందుకుంది. యాభై అరవై ఏళ్ళ కిందటి పని ఆ వేళ్ళకి గుర్తుంది. ఇడ్లీ పిండే అయినా ఆకులో ఉడికితే వచ్చే ఆ వాసన వేరు, బుట్ట విప్పగానే ఆవిరితో పాటు మొహానికి కొడుతుంది. కొబ్బరి పచ్చడి, కారప్పొడి, నెయ్యి. అమ్మ మూడు తింది. ఇంట్లో ఒక ఇడ్లీ తిని చాలనే మనిషి.

మధ్యాహ్నం వసారాలో చాపలు పరిచి అరిటాకులు వేశారు. ముద్దపప్పు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, ముక్కల పులుసు, వడియాలు, చివర మీగడ పెరుగు, చక్కెరకేళి. లెక్కకి చాలా ఉన్నాయి గానీ నేను చెప్పేది లెక్క గురించి కాదు. ఆవిడ ప్రతి ఆకు ముందూ ఆగి, ఎవరికి ఏది నచ్చిందో చూసి, అదే మళ్ళీ తెచ్చి వడ్డించారు. అమ్మ చాలంటే "అలాగంటే ఎలాగండీ అమ్మగారూ, మీ ఊరొచ్చి మొహమాటపడతారా" అంటూ ఇంకో గరిటె వేశారు. మీ ఊరు అన్న మాటకి అమ్మ కళ్ళు చెమర్చాయి. ఎప్పుడూ ఫోన్ చూస్తూ తినే స్నేహితురాలి కూతురు ఆ పూట గంటన్నర ఫోన్ ముట్టలేదు, పనసపొట్టు ఎలా కొడతారో అడిగి, మధ్యాహ్నమంతా ఆవిడ వెనకాలే తిరిగింది. మనిషికి రోజుకి భోజనాలతో కలిపి 1,500 తీసుకున్నారు. ఇంకా ఎక్కువ అడిగినా ఇచ్చేదాన్ని.

ఆఖరి రోజు యానాం మీదుగా కాకినాడ. సుబ్బయ్య గారి హోటల్లో భోజనం. రద్దీ ఎక్కువ, కొంచెం ఎదురుచూడాలి, అయినా అంత జనంలోనూ మర్యాదగా కొసరి కొసరి వడ్డిస్తారు. పెద్దవాళ్ళతో వెళ్తే పన్నెండు లోపే వెళ్ళండి. గొట్టం కాజాలు రెండు కిలోలు కట్టించుకుని రాత్రి రైలెక్కాం. కొరకగానే పాకం ఊరుతుంది, రైల్లో తింటే బట్టల మీద పడుతుంది, జాగ్రత్త.

ఇంటికొచ్చిన వారానికి కోనసీమ ఆవిడ ఫోన్ చేశారు. వరద వచ్చాక నిజమైన పులస దొరికితే వండి పెడతాను, రమ్మన్నారు. స్నేహితురాలి భర్త ఆ రోజే ఆగస్టు చివరికి వెళ్దామన్నాడు. ఒక్క రాత్రి చాలులే అనుకుంటే అమ్మ ఒప్పుకోలేదు. పులస పులుసు వండిన పూట తినకూడదట, మర్నాటికి ముక్కకి పులుసు పట్టాక తినాలట. రెండు రాత్రులకి చెప్పాం.