లాయర్ ఉచితమే, మనోవర్తి వసూలే మన తలనొప్పి

మా చెల్లి మనోవర్తి కేసు కోసం జిల్లా కోర్టులో ఉండే లీగల్ ఎయిడ్ ఆఫీసు చుట్టూ రెండేళ్లుగా తిరుగుతున్నాను, ఏ జిల్లా అని మాత్రం అడగొద్దు. ఐదుకి మూడు మార్కులు ఇస్తాను.

లాయర్‌ని ఇప్పించడంలో వంక పెట్టడానికి లేదు. ఆడవాళ్లకైతే ఆదాయం ఎంతని చూడరు, 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టంలోనే అలా ఉంది. లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆధార్, పెళ్లి ఫొటో, పాప బర్త్ సర్టిఫికెట్ జిరాక్స్‌లు పట్టుకెళ్తే అక్కడున్న మేడమ్ కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అర్జీ తనే రాసిపెట్టింది. 2024 జూలై నుంచి కొత్త క్రిమినల్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో మనోవర్తి కేసుది 144వ సెక్షన్, కానీ ప్యూన్ నుంచి లాయర్ దాకా అందరికీ అది ఇంకా పాత చట్టంలోని 125 కేసే.

నెలకు 8 వేలు కట్టమని ఆర్డర్ వచ్చింది. మా మరిది, అంటే చెల్లి మొగుడు, రెండు నెలలు కట్టి ఆపేశాడు. ఇక్కడే ఆఫీసు చేతులెత్తేసింది. మొదటి లాయర్ మారిపోయాడు, రెండో ఆయన ఫోనెత్తడు. డబ్బు ఆగిన ఏడాదిలోపు వసూలు పిటిషన్ వేయకపోతే ఆ నెల బకాయికి వారెంట్ రాదన్న ముక్క మాకెవరూ చెప్పలేదు, మేం తెలుసుకునేసరికి నాలుగు నెలలవి, అంటే 32 వేలు, గడువు దాటిపోయాయి. ఒక్కో నెల బాకీకి నెల దాకా జైల్లో పెట్టొచ్చు. ఆయనగారు మాత్రం లోపలికెళ్లొస్తే లెక్క సరి అని ఊళ్లో చెప్పుకుంటున్నాడు. సరి కాదు, జైలుకెళ్లినా బాకీ బాకీయేనని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చేసింది.

జర్మనీలో ఉంటున్న మా పిన్ని కూతురికి ఇదంతా చెబితే ఆశ్చర్యపోయింది. అక్కడ తండ్రి కట్టకపోతే పిల్లల ఖర్చుకి సర్కారే ముందు డబ్బిచ్చి, ఆ తర్వాత తండ్రి దగ్గర తను వసూలు చేసుకుంటుందట. 2017 నుంచి 18 ఏళ్లు నిండేదాకా ఇస్తున్నారు. మన దగ్గర చెల్లికి వచ్చేది ఒంటరి మహిళ పెన్షన్ 2016 రూపాయలు, అదీ పాప స్కూల్ ఆటోకే సరిపోతుంది.

మీరు వెళ్తే ఆర్డర్ కాపీ వచ్చిన రోజే ఆ ఏడాది గడువు సంగతి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి, లాయర్ మారితే వెంటనే ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.

మిగతా బకాయికి పోయిన నెల వారెంట్ ఇచ్చారు. ఆ కాగితం స్టేషన్‌లో ఎవరి టేబుల్ మీద ఉందో కనుక్కోవడానికి సోమవారం మళ్లీ వెళ్లాలి.