న్యూ లానార్కా, బ్లాంటైరా? కార్మికుల ఇళ్ళు చూడాలంటే ఏది మేలు

గ్లాస్గోకి ఎవరొచ్చినా ఇదే అడుగుతారు, "ఒక్కరోజే ఉంది, ఆ పాత మిల్లు వాళ్ళ ఇళ్ళు ఎక్కడ చూడాలి?" అని. మొన్న అత్తయ్యా మావయ్యా వచ్చినప్పుడు గ్లాస్గో దగ్గరి పాత నూలు మిల్లు ఊళ్ళు న్యూ లానార్క్, బ్లాంటైర్ రెండూ తిరిగాం కాబట్టి రాసేస్తున్నా.

న్యూ లానార్క్ గురించి కొత్తగా చెప్పేదేముంది, 2001లోనే యునెస్కో లిస్టులోకెక్కింది. కేత్‌నెస్ రో లాంటి వరసల్లో ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. ఒక ఇంటిని మాత్రం 1820ల్లో, 1930ల్లో ఎలా ఉండేదో అలా సర్ది పెట్టారు, గోడలోకి కట్టిన మంచం, దాని కిందనుంచి రాత్రికి బయటికి లాగే చక్రాల మంచం, దాన్ని హర్లీ అంటారు. అత్తయ్య వంగి చూసి "పగలంతా పిల్లల పడక కిందకి తోసేసేవాళ్ళన్నమాట" అంది. కానీ చిక్కేంటంటే ముందు మిల్లులు, మిల్లు నడిపిన రాబర్ట్ ఓవెన్ కట్టించిన బడి, నది, జలపాతాలు, ఇవన్నీ అయ్యేసరికి కాళ్ళు లాగేసి ఇల్లు ఐదు నిమిషాల్లో చూసి బయటికొచ్చేస్తాం.

బ్లాంటైర్‌లో ఆ గొడవ లేదు. అక్కడ మిగిలింది షటిల్ రో అనే ఇళ్ళ వరస ఒక్కటే, ఒకప్పుడు అందులో 24 కుటుంబాలు, ఇంటికో గది. 1813లో, తర్వాత ఆఫ్రికా యాత్రలతో పేరు తెచ్చుకున్న డేవిడ్ లివింగ్‌స్టన్ పుట్టిన గది 14 అడుగులు బై 10, వంటా పడకా పిల్లలూ అన్నీ అందులోనే, ఆ కుర్రాడు పదేళ్ళకే మిల్లుకెళ్ళి పొద్దున 6 నుంచి రాత్రి 8 దాకా పనిచేసి మళ్ళీ ఆ గదికే వచ్చేవాడు. నాకు లెక్కలోకొచ్చేది ఇదొక్కటే, గది మధ్యలో నిలబడితే ఎంత ఇరుకో ఒంటికి తెలియాలి, బోర్డు చదివితే తెలీదు. లివింగ్‌స్టన్ పుట్టాడు కాబట్టే ఈ వరస బతికింది, 1929లో మ్యూజియం చేశారు, మిల్లులు మాత్రం పోయాయి. తమాషా ఏంటంటే రెండు మిల్లుల వెనకా ఉన్నది ఒకే మనిషి, గ్లాస్గో వ్యాపారి డేవిడ్ డేల్.

న్యూటన్‌గ్రేంజ్ కూడా అడుగుతుంటారు, ఎడిన్‌బరా దగ్గర బొగ్గు గని ఊరు. ఫస్ట్ స్ట్రీట్, సెకండ్ స్ట్రీట్ అని నంబర్లేసిన ఇటుక ఇళ్ళ వరసలు, సింగరేణి క్వార్టర్లలో పెరిగినోళ్ళకి చూడగానే తెలిసినట్టుంటుంది. అవి జనం ఉండే ఇళ్ళు, లోపలికెళ్ళలేం, మ్యూజియం గనిది.

పిల్లలుంటే, రోజంతా ఉంటే న్యూ లానార్కే. ఇళ్ళ కోసమే అయితే నా ఓటు బ్లాంటైర్‌కి, గ్లాస్గో నుంచి ట్రైనుంది, స్టేషన్ నుంచి నడిచెళ్ళిపోవచ్చు. న్యూ లానార్క్ లోయలో ఉంటుంది, దిగడం ఓకే, తిరిగి ఎక్కేటప్పుడు మావయ్య మోకాళ్ళు పట్టుకుని కూర్చుండిపోయాడు, పెద్దోళ్ళుంటే బస్సు టైము ముందే చూసుకోండి.