హనుమకొండలో నెట్ సెంటర్‌కు ఫోటో పట్టుకుని వెళ్లేవాళ్లు ముందు ఇది చదవండి

నయీంనగర్‌లో హాస్టళ్ల మధ్య ఉన్న సెంటరే. పేరు రాయను, అక్కడ గది తీసుకుని చదువుకునేవాళ్లకు ఎవరి సంగతో అర్థమైపోతుంది. బ్యాంకు క్లర్కు పరీక్షకు దరఖాస్తు పెట్టడానికి నిన్న చివరి రోజు. పరీక్ష ఫీజు 850, సెంటర్ నడిపే అతని కూలి 150, వెరసి వెయ్యి రూపాయలిచ్చి నా ముఖాన్ని నేనే పాడుచేయించుకుని వచ్చాను.

నోటిఫికేషన్‌లో స్పష్టంగానే ఉంది. ఫోటో 200 × 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ. సంతకం 140 × 60, 10 నుంచి 20 కేబీ. స్టూడియోలో తీయించిన ఫోటో నా ఫోనులో నాలుగు ఎంబీ ఉంది. వాట్సాప్‌లో పంపమన్నాడు. మామూలుగా పంపితే ఫోటో నాణ్యత అక్కడే సగం పోతుందని నాకు తెలుసు, తెలిసీ పంపాను. దాన్ని తెరిచి, స్క్రీన్‌షాట్ తీసి, చుట్టూ కత్తిరించాడు. 11 కేబీ వచ్చింది. 20 కంటే తక్కువ కాబట్టి సైటు తీసుకోలేదు. అప్పుడు ఆ మహానుభావుడు ఆ ముక్కనే పట్టుకుని సాగదీశాడు. 34 కేబీ అయింది! కేబీలు పెరిగాయి, బాగానే ఉంది, చెరిగిపోయిన కళ్లూ ముక్కూ ఎక్కడి నుంచి వస్తాయి? పైగా ఎత్తూ వెడల్పుల లెక్క చూడకుండా లాగడంతో ముఖం గుమ్మడికాయలా అడ్డంగా పరుచుకుంది.

"పంపే ముందు ఒకసారి చూపించండి అన్నా" అని రెండుసార్లు అడిగాను. మానిటర్ ఇటు తిప్పనేలేదు. "సైటు తీసుకుంది కదమ్మా, ఇంకేం చూస్తారు" అంటూనే చివరి బటన్ నొక్కేశాడు. ప్రింటు చేతికిచ్చాక "ఇది నేనేనా?" అన్నాను. తల ఎత్తకుండా జవాబు: "ముఖం ఎలా ఉంటే ఫోటో అలాగే వస్తుంది." వెనక వరుసలో నిలబడ్డ కుర్రాళ్లు నవ్వారు. సరిచేయమంటే, ఒకసారి పంపాక ఏమీ మార్చలేమట. ఆ సంగతి ముందే తెలిసిన మనిషి చూపించకుండా ఎలా నొక్కాడు? అక్కడ నోరు పెగల్లేదు. మెట్లు దిగాక మాత్రం ఇరవై సమాధానాలు తట్టాయి.

చదివింది బీకాం కంప్యూటర్స్. నవ్వుకోండి. ఫోనులో పది నిమిషాల పనికి నూటయాభై రూపాయలు తగలేసిన పట్టభద్రురాలిని. ప్రింటు ఫోటో తీసి పరకాలలో ఉన్న అమ్మకు పంపితే "ఈ అమ్మాయి ఎవరే?" అంది. హాల్‌టికెట్ మీద కూడా ఇదే బొమ్మ వస్తుంది, పరీక్ష రోజు ముఖంతో సరిచూసేదీ దీన్నే.

వెళ్లక తప్పకపోతే ఫోటోను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. ముందు అసలు ఫోటోను నోటిఫికేషన్‌లో చెప్పిన ఎత్తూ వెడల్పుల నిష్పత్తికి కత్తిరించి, పిక్సెళ్లు సరిచేసి, ఆ తర్వాతే కేబీ చూడమనండి. తక్కువ వస్తే సాగదీయకూడదు, మళ్లీ అసలు ఫోటో నుంచే నాణ్యత పెంచి తీయాలి. తెర మీద మీ ముఖం మీరు చూసేదాకా ఆ బటన్ ముట్టుకోనివ్వకండి.

అన్నట్టు, నా సంతకం, ఆధార్ నకలు ఇంకా అతని డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి, ఎవరెవరో అమ్మాయిల ఫోటోల పక్కన. రేపు పొద్దున్నే వెళ్లి నా కళ్ల ముందే వాటిని తీసేయించాలి. నయీంనగర్ వైపు ఉన్నవాళ్లు ఎవరైనా తోడు వస్తారా?